హఠాత్తుగా కరెంటు పోయినప్పుడు ఫైల్‌సిస్టమ్‌ను కాపాడుకోవడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

## కరెంటు పోతే కంప్యూటర్ ఆగిపోతుంది, అంతే కదా? డిస్కులో ఉన్నది ఎందుకు పాడవుతుంది?

డిస్కు మీద అప్పటికే కుదురుగా ఉన్న సమాచారానికి సాధారణంగా ఏమీ కాదు. చిక్కంతా రాస్తూ ఉండగా మధ్యలో ఆగిపోయిన పనితోనే.

కొత్త ఫైలును సేవ్ చేయడం మనకు ఒకే పనిలా కనిపిస్తుంది. డిస్కు మీద ఫైళ్లను అమర్చి నిర్వహించే ఫైల్‌సిస్టమ్‌కు మాత్రం అది నాలుగైదు వేర్వేరు చోట్ల చేయవలసిన రాత. ఏ బ్లాకులు (డిస్కు చోటును విభజించిన చిన్న ముక్కలు) ఖాళీగా ఉన్నాయో చెప్పే బిట్‌మ్యాప్‌లో కొన్నిటిని వాడుకున్నట్టు గుర్తు పెట్టాలి. ఫైలు పరిమాణం, యజమాని, సమయం, బ్లాకుల చిరునామాలు ఉండే ఐనోడ్‌ను నింపాలి. ఐనోడ్‌ల బిట్‌మ్యాప్‌ను కూడా మార్చాలి. ఫోల్డరులో పేరు చేర్చాలి. వీటితో పాటు అసలు సమాచారాన్నీ రాయాలి. ఈ చోట్లు డిస్కు మీద ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. వీటన్నిటినీ ఒకే క్షణంలో రాయగల డిస్కు లేదు.

మధ్యలో కరెంటు పోతే కొన్ని పడతాయి, కొన్ని పడవు. పేరు పడి ఐనోడ్ పడకపోతే ఆ పేరు ఎక్కడికీ దారి చూపదు. ఐనోడ్ పడి బిట్‌మ్యాప్ పడకపోతే ఇంకా ప్రమాదం. ఆ బ్లాకులు ఖాళీగానే ఉన్నాయనుకుని ఫైల్‌సిస్టమ్ వాటిని రేపు మరో ఫైలుకు ఇచ్చేస్తుంది. అప్పుడు రెండు ఫైళ్లు ఒకే చోటును తమదనుకుంటాయి, ఒకదానిలో రాసినప్పుడల్లా రెండోది చెడుతుంది. కరెంటు పోయిన రోజున కనిపించని నష్టం కొన్ని వారాల తర్వాత బయటపడేది ఇలాగే.

## ‘సేవ్ అయింది’ అని చూపించాకే కరెంటు పోయింది. అయినా ఫైలులో కొత్త మార్పులు ఎందుకు లేవు?

అప్పటికి అవి డిస్కును చేరలేదు కాబట్టి. ప్రోగ్రాము రాసినదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ ముందు మెమరీలో ఉంచుకుని, తర్వాత తీరిక చూసుకుని డిస్కుకు పంపుతుంది. లినక్స్‌లో మామూలు అమరిక ప్రకారం దాని కేంద్రభాగమైన కెర్నెల్ 5 సెకన్లకొకసారి ఈ మార్పులను పరిశీలించి, 30 సెకన్లు దాటినవాటిని రాయిస్తుంది. అంటే మీరు సేవ్ నొక్కాక అర నిమిషం దాకా ఆ సమాచారం మెమరీలో మాత్రమే ఉండవచ్చు.

ఆ మజిలీ దాటాక ఇంకొకటి ఉంది. డిస్కుకు తనదైన కాష్ మెమరీ ఉంటుంది. పంపిన సమాచారాన్ని అందులో వేసుకుని ‘అందింది’ అని జవాబిచ్చేసి, తనకు అనువైన వరసలో తర్వాత రాసుకుంటుంది. ఆ కాష్ కూడా కరెంటుతో పాటే చెరిగిపోతుంది.

కింది జవాబులన్నిటిలోనూ తిరిగి తిరిగి వచ్చే ప్రశ్న ఒకటే: ‘రాశాను’ అని ఎవరు చెబుతున్నారు, ఎంతవరకు రాసి చెబుతున్నారు? ప్రోగ్రాము, ఆపరేటింగ్ సిస్టమ్, ఫైల్‌సిస్టమ్, డిస్కు అనే ఈ నాలుగు అంచెల్లో ఏ ఒక్కదాని మాట నిజం కాకపోయినా మిగతా మూడింటి జాగ్రత్త వృథా అవుతుంది.

## నాది జర్నల్ ఉన్న ఫైల్‌సిస్టమ్. ఇక భయం లేనట్టేనా?

జర్నల్ కాపాడేది ఫైల్‌సిస్టమ్ నిర్మాణాన్ని. మీ ఫైలులోని తాజా సమాచారం దక్కుతుందన్న హామీ అందులో లేదు. ఈ తేడా దగ్గరే చాలామంది పొరబడతారు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఖాతా పుస్తకంలోకి ఎక్కించే ముందు చిట్టాలో రాసుకునే వ్యాపారిలా, ఫైల్‌సిస్టమ్ తాను చేయబోయే మార్పులన్నిటినీ ముందు జర్నల్ అనే ప్రత్యేక భాగంలో వరసగా రాస్తుంది. చివర కమిట్ గుర్తు పెడుతుంది. ఆ తర్వాతే అసలు చోట్లను మారుస్తుంది. మధ్యలో కరెంటు పోతే, డిస్కును మళ్లీ మౌంట్ చేసేటప్పుడు, అంటే వాడకానికి తెరిచేటప్పుడు, జర్నల్ చదివి, కమిట్ గుర్తు ఉన్న మార్పులను తిరిగి అమలు చేస్తుంది. గుర్తు లేనివాటిని వదిలేస్తుంది. సగం జరిగిన మార్పు అంటూ ఏదీ మిగలదు.

ఇది రాకముందు కరెంటు పోయిన ప్రతిసారీ ఎఫ్‌ఎస్‌సీకే లాంటి ప్రోగ్రాము మొత్తం డిస్కును మొదటి నుంచి చివరి దాకా తనిఖీ చేయాల్సి వచ్చేది. డిస్కులు పెద్దవయ్యేకొద్దీ అది గంటల పని అయింది. ఐబీఎం 1990లో తన ఆపరేటింగ్ సిస్టమ్ ఏఐఎక్స్‌తో జర్నల్ ఉన్న జేఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్‌ను తెచ్చింది. 1993లో విండోస్ ఎన్‌టీతో ఎన్‌టీఎఫ్‌ఎస్ వచ్చింది. లినక్స్ ప్రధాన కెర్నెల్‌లోకి ఈఎక్స్‌టీ3 2001లో, 2.4.15 వెర్షన్‌తో చేరింది. జర్నల్ ఉన్నచోట తనిఖీ కొన్ని సెకన్లలో ముగుస్తుంది.

అయితే వీటిలో చాలావరకు మామూలుగా జర్నల్‌లో రాసేది మెటాడేటాను, అంటే ఫైళ్ల గురించిన వివరాలను మాత్రమే. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అంతే. ఈఎక్స్‌టీ3 తర్వాత వచ్చిన ఈఎక్స్‌టీ4 మూడు పద్ధతులిస్తుంది. మామూలుగా ఉండేది ఆర్డర్డ్. ఇందులో సమాచారం జర్నల్‌లోకి వెళ్లదు గానీ, మెటాడేటా కమిట్ కావడానికి ముందే దాన్ని డిస్కుకు పంపుతారు. రైట్‌బ్యాక్ పద్ధతిలో ఆ వరస కూడా ఉండదు, కాబట్టి కరెంటు పోయాక ఫైలులో ఎప్పుడో చెరిపేసిన పాత సమాచారం ప్రత్యక్షం కావచ్చు. జర్నల్ పద్ధతిలో అన్నీ రెండుసార్లు రాస్తారు. భద్రత ఎక్కువ, వేగం తక్కువ. సాధారణ వాడకానికి ఆర్డర్డ్ చాలు. వేగం కోసం రైట్‌బ్యాక్‌కు మారమని ఎవరైనా సలహా ఇస్తే, ఆ డిస్కులో పోయినా ఫరవాలేదనుకునే సమాచారం మాత్రమే ఉన్నప్పుడు వినండి.

## కరెంటు వచ్చాక కొన్ని ఫైళ్లు సున్నా బైట్లుగా కనిపిస్తున్నాయి. ఫైల్‌సిస్టమ్ తప్పా?

సగం అవును, సగం ప్రోగ్రాముది. చాలా ప్రోగ్రాములు పాత ఫైలును ముందు ఖాళీ చేసి, తర్వాత కొత్త సమాచారం నింపుతాయి. ఆ రెంటి మధ్య కరెంటు పోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు.

ఈఎక్స్‌టీ4 వచ్చిన కొత్తలో, 2009లో, దీని మీద పెద్ద చర్చే జరిగింది. ఆ ఫైల్‌సిస్టమ్ బ్లాకుల కేటాయింపును వాయిదా వేస్తుంది. సమాచారం డిస్కుకు పంపే వేళకు గానీ చోటు నిర్ణయించదు. ఈఎక్స్‌టీ3లో 5 సెకన్లకొకసారి జరిగే కమిట్‌తో పాటు సమాచారం కూడా డిస్కును చేరేది. అందువల్ల ఎఫ్‌సింక్ (సమాచారాన్ని వెంటనే డిస్కుకు రాయమనే ఆదేశం) పిలవని ప్రోగ్రాములు కూడా అదృష్టం కొద్దీ బతికిపోయేవి. ఈఎక్స్‌టీ4లో ఆ విరామం బాగా పెరిగి, డెస్క్‌టాప్ సెట్టింగుల ఫైళ్లు సున్నా బైట్లయ్యాయి. ప్రోగ్రాములు ప్రమాణం ప్రకారం ఎఫ్‌సింక్ పిలవాలన్నది ఒక వాదం, వాడుకరికి ఆ గొడవ ఎందుకన్నది మరో వాదం. చివరికి ఫైలు పేరు మార్చి పాతదాని స్థానంలో పెట్టినప్పుడు, ఖాళీ చేసి తిరిగి రాసినప్పుడు సమాచారాన్ని వెంటనే పంపే ఏర్పాటును 2.6.30 కెర్నెల్‌లో చేర్చారు. అది నష్టాన్ని తగ్గించే ఏర్పాటే తప్ప హామీ కాదు.

## నేను ప్రోగ్రాములు రాస్తాను. ఫైలును క్షేమంగా రాసే పద్ధతి ఏమిటి?

అసలు ఫైలును ముట్టుకోకండి. అదే ఫోల్డరులో తాత్కాలిక పేరుతో కొత్త ఫైలు తెరిచి, సమాచారమంతా రాయండి. దాని మీద ఎఫ్‌సింక్ పిలిచి, ఫలితాన్ని చూడండి. తర్వాత రీనేమ్‌తో అసలు పేరు పెట్టండి. చివరగా ఆ ఫోల్డరు మీద కూడా ఎఫ్‌సింక్ పిలవండి. ఎక్కువగా మరచిపోయేది ఈ చివరి మెట్టునే. పేరు ఉండేది ఫోల్డరులో కాబట్టి, ఫైలును మాత్రమే సింక్ చేస్తే సమాచారం డిస్కు మీద ఉండి కొత్త పేరు లేకుండా పోవచ్చు. అన్ని మెట్లూ సరిగ్గా పాటిస్తే ఎప్పుడు కరెంటు పోయినా పాత ఫైలో కొత్త ఫైలో ఏదో ఒకటి పూర్తిగా ఉంటుంది.

ఎఫ్‌సింక్ విఫలమైతే ‘మళ్లీ పిలిచి చూద్దాం’ అనుకోవడం ప్రమాదకరం. లినక్స్‌లో చాలా సందర్భాల్లో, రాయడంలో లోపం వచ్చిన మెమరీ పేజీలను కెర్నెల్ శుభ్రమైనవిగానే, అంటే డిస్కుకు చేరినట్టే గుర్తిస్తుంది. రెండోసారి పిలిస్తే విజయమని జవాబు రావచ్చు, సమాచారం మాత్రం డిస్కు మీద ఉండదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ బృందం 2018లో దీన్ని గుర్తించి, 2019 మొదట్లో విడుదలైన సవరణలతో పద్ధతి మార్చింది. ఇప్పుడు ఎఫ్‌సింక్ విఫలమైతే ఆ డేటాబేస్ ఆగిపోయి, తన లాగ్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) నుంచి తిరిగి కోలుకుంటుంది. మీ ప్రోగ్రాములో కూడా ఆ లోపాన్ని అంతే గంభీరంగా తీసుకోండి.

మ్యాక్‌ఓఎస్‌కు రాసేవాళ్లకు మరో మాట: అక్కడ మామూలు ఎఫ్‌సింక్ సమాచారాన్ని డిస్కుకు పంపుతుంది గానీ, డిస్కు తన కాష్‌ను ఖాళీ చేసేదాకా ఆగదు. అందుకు ఎఫ్‌ఫుల్‌ఎఫ్‌సింక్ అనే ప్రత్యేక పిలుపు ఉంది.

ఈ బాధంతా ఎందుకనుకుంటే ఎస్‌క్యూలైట్ లాంటి డేటాబేస్‌లో దాచుకోండి. అది నిజంగా మంచి సలహా, ఈ మెట్లన్నీ అందులో ఎప్పుడో కట్టేశారు.

## డేటాబేస్‌లకు సొంత లాగ్ ఉంటుంది కదా, ఫైల్‌సిస్టమ్ ఏదైనా ఒకటేనా?

కాదు. డేటాబేస్ లాగ్ కూడా ఎఫ్‌సింక్ చెప్పే మాటనే నమ్ముకుంటుంది. కింది అంచెలు నిజం చెప్పకపోతే దాని లెక్కలన్నీ తప్పుతాయి.

సగం రాసిన పేజీల సమస్య మరొకటి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పేజీ 8 కిలోబైట్లు, మైఎస్‌క్యూఎల్ వాడే ఇన్నోడీబీ పేజీ మామూలుగా 16 కిలోబైట్లు. డిస్కు ఒకేసారి రాసే సెక్టారు 512 బైట్లో 4 కిలోబైట్లో మాత్రమే. కాబట్టి ఒక పేజీలో సగం కొత్తది, సగం పాతది మిగలవచ్చు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ చెక్‌పాయింట్ (మార్పులన్నిటినీ డిస్కుకు చేర్చే ఘట్టం) తర్వాత తొలిసారి మారిన ప్రతి పేజీని పూర్తిగా లాగ్‌లో రాస్తుంది. ఇన్నోడీబీ డబుల్‌రైట్ బఫర్ అనే చోట ముందు ఒక ప్రతి రాసుకుంటుంది. వేగం కోసం వీటిని ఆపేయమనే చిట్కాలు తరచుగా కనిపిస్తాయి. కింద ఉన్న ఫైల్‌సిస్టమ్ పేజీని చీల్చదని రూఢి అయితే తప్ప ఆపవద్దు. ఇన్నోడీబీ ఫ్లష్ లాగ్ ఎట్ టీఆర్‌ఎక్స్ కమిట్ సెట్టింగును 1 దగ్గరే ఉంచండి. 2 పెడితే కరెంటు పోయినప్పుడు సుమారు ఒక సెకను లావాదేవీలు పోవచ్చు.

## డిస్కు కాష్‌ను ఆపేస్తే సరిపోతుందా?

ఆపితే భద్రత పెరుగుతుంది, రాసే వేగం బాగా పడిపోతుంది. చాలామందికి అంత అవసరం లేదు. ఫైల్‌సిస్టమ్‌లు అవసరమైనచోట కాష్ ఖాళీ చేయమనే ఆదేశాన్ని (ఫ్లష్) డిస్కుకు పంపుతాయి. దీన్నే బ్యారియర్ అనేవారు. కమిట్ గుర్తు కన్నా ముందు జర్నల్‌లోని మిగతా భాగం డిస్కు మీద పడాలి. ఆ వరసను నిలబెట్టేది ఈ ఆదేశమే. వరస తప్పితే జర్నల్‌కే అర్థం ఉండదు.

అందువల్ల మౌంట్ ఆప్షన్లలో నోబ్యారియర్ అని ఎక్కడైనా ఉంటే తీసేయండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే ఆ ఆప్షన్‌నే పూర్తిగా తొలగించింది. విండోస్‌లో డిస్కు ప్రాపర్టీస్‌లో రెండు టిక్కులు ఉంటాయి. మొదటిది రైట్ కాషింగ్‌కు సంబంధించినది, దాన్ని ఉంచవచ్చు. రెండోది కాష్ ఫ్లషింగ్‌ను ఆపేది, దాన్ని పెట్టవద్దు. వర్చువల్ మెషీన్లకు కూడా ఇదే వర్తిస్తుంది. వాటిని నడిపే క్యూఈఎంయూ అనే ప్రోగ్రాములో కాష్ పద్ధతిని అన్‌సేఫ్ అని పెడితే లోపలి సిస్టమ్ పంపే ఫ్లష్ ఆదేశాలను లెక్కచేయదు. పేరులోనే ఆ విషయం చెప్పారు.

## హార్డ్ డిస్క్, ఎస్‌ఎస్‌డీలలో ఏది ఎక్కువ తట్టుకుంటుంది?

కదిలే భాగాలు లేవు కాబట్టి ఎస్‌ఎస్‌డీయే మేలని అనిపిస్తుంది. ఈ ఒక్క విషయంలో అలా అనుకోలేం. హార్డ్ డిస్క్ కరెంటు పోగానే తిరుగుతున్న పళ్లేల శక్తితోనే హెడ్‌ను పక్కకు లాక్కుంటుంది. ఆ క్షణంలో రాస్తున్న సెక్టారు పోవచ్చు, మిగతావి సాధారణంగా ఉంటాయి.

ఎస్‌ఎస్‌డీలో ఏ సమాచారం ఏ ఫ్లాష్ పేజీలో ఉందో చెప్పే పట్టిక ఒకటి నిత్యం మారుతూ ఉంటుంది. తాజా పట్టిక భద్రంగా లేకపోతే మీరు ఎప్పుడో రాసిన సమాచారానికి కూడా దారి తప్పుతుంది. పైగా ఒక సెల్‌లో రెండు లేదా అంతకన్నా ఎక్కువ బిట్లు ఉంచే ఫ్లాష్‌లో, రెండో పేజీని రాస్తుండగా కరెంటు పోతే అదే సెల్స్‌లో అంతకుముందే రాసిన మొదటి పేజీ చెడవచ్చు. అంటే మీరు ముట్టుకోని ఫైలుకు దెబ్బ తగులుతుంది. ఏ జర్నల్ కూడా దీన్ని ఊహించి కట్టినది కాదు. 2013లో ఫాస్ట్ అనే నిల్వ సాంకేతికతల సదస్సులో సమర్పించిన ఒక పరిశోధనలో 15 ఎస్‌ఎస్‌డీలకు కావాలని కరెంటు తీసి చూస్తే 13 ఏదో ఒక విధంగా తప్పాయి. కొన్నిటిలో బిట్లు చెడ్డాయి, కొన్నిటిలో రాతలు సగంలో తెగాయి, ఒకటి పూర్తిగా పనిచేయడం మానేసింది.

అందుకే సర్వర్ల కోసం చేసే ఎస్‌ఎస్‌డీలలో కెపాసిటర్లు అమరుస్తారు. కరెంటు పోయాక కాష్‌నూ పట్టికనూ ఫ్లాష్‌లోకి దింపడానికి సరిపడా శక్తి వాటిలో ఉంటుంది. కొనేటప్పుడు పవర్ లాస్ ప్రొటెక్షన్ అనే మాట కోసం వెతకండి, వివరం కూడా చదవండి. కొన్ని రకాలు అప్పటికే నిలిచిన సమాచారానికి మాత్రమే రక్షణ ఇస్తాయి, కాష్‌లో ఉన్నదానికి ఇవ్వవు. ముఖ్యమైన డేటాబేస్ నడిపేవాళ్లు డబ్బు పెట్టవలసిన మొదటి చోటు ఇదేనని నా అభిప్రాయం.

## జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్‌సిస్టమ్‌లు మెరుగా?

నిర్మాణం విషయంలో, అవును. ఇవి ఉన్న బ్లాకు మీద మళ్లీ రాయవు. మార్పును ఖాళీ చోట రాసి, దాని పై మెట్టునూ కొత్త చోట రాసి, అలా ఈ చెట్టులాంటి అమరికకు వేరు దాకా వెళ్లి, చివరికి వేరును చూపే గుర్తును ఒక్కసారి మారుస్తాయి. ఆ మార్పు జరిగేదాకా పాత చెట్టంతా చెక్కుచెదరకుండా ఉంటుంది. కరెంటు ఏ క్షణాన పోయినా పాత స్థితో కొత్త స్థితో ఏదో ఒకటి దొరుకుతుంది. 2017లో యాపిల్ తన పరికరాలకు తెచ్చిన ఏపీఎఫ్‌ఎస్ కూడా మెటాడేటా విషయంలో ఇదే సూత్రం మీద నడుస్తుంది.

జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ సమాచారానికి కూడా చెక్‌సమ్ (సమాచారం మారిందో లేదో పోల్చి చూసే సంఖ్య) ఉంచుతాయి. డిస్కు తప్పుడు సమాచారం ఇస్తే పసిగట్టి, రెండో ప్రతి ఉంటే దాని నుంచి సరిచేస్తాయి. నాకు వీటి మీద గౌరవం ఉన్నది ముఖ్యంగా ఇందుకే. నష్టం జరిగిందని తెలియడం కూడా పెద్ద రక్షణే. అయితే ఇవి కూడా ఫ్లష్ ఆదేశాన్ని డిస్కు పాటిస్తుందనే నమ్మకం మీదే కట్టినవి. జెడ్‌ఎఫ్‌ఎస్ మామూలుగా 5 సెకన్ల మార్పులను ఒక గుంపుగా రాస్తుంది కాబట్టి, ఎఫ్‌సింక్ పిలవని ప్రోగ్రాము ఆ మేరకు ఇక్కడ కూడా కోల్పోతుంది.

## రెయిడ్ ఉంటే కరెంటు సమస్య తీరుతుందా?

తీరదు. చాలా డిస్కులను కలిపి వాడే రెయిడ్, ఒక డిస్కు చెడిపోతే ఆదుకుంటుంది. రెయిడ్ 5లో కరెంటు పోవడం వల్ల కొత్త ప్రమాదం కూడా చేరుతుంది. సమాచారం ఒక డిస్కులో పడి, దాని ప్యారిటీ (పోయినదాన్ని తిరిగి లెక్కగట్టడానికి ఉంచే అదనపు సమాచారం) మరో డిస్కులో పడకముందే ఆగిపోతే రెండూ పొసగవు. తర్వాత ఎప్పుడో ఒక డిస్కు చెడినప్పుడు ఆ తప్పుడు ప్యారిటీతో లెక్కగట్టి తప్పుడు సమాచారం ఇస్తుంది. బ్యాటరీ ఉన్న రెయిడ్ కార్డు, లేదా లినక్స్‌లోని రెయిడ్ ఏర్పాటైన ఎండీలో జర్నల్ డిస్కు దీనికి మందు. కార్డు బ్యాటరీ కాలం తీరిందో లేదో చూస్తూ ఉండండి.

## యూపీఎస్ పెట్టుకుంటే చాలా?

అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చే ఒక్క కొనుగోలు అదే. కానీ యూపీఎస్ కొనడంతో సగం పనే అయింది. బ్యాటరీ అయిపోయేలోగా కంప్యూటర్‌ను క్రమంగా షట్‌డౌన్ చేసే ఏర్పాటు లేకపోతే, జరగాల్సిన ప్రమాదం పదిహేను నిమిషాలు ఆలస్యంగా జరుగుతుంది, అంతే.

యూఎస్‌బీ కేబుల్‌తో యూపీఎస్‌ను కంప్యూటర్‌కు కలపండి. విండోస్ చాలా రకాలను ల్యాప్‌టాప్ బ్యాటరీలాగే గుర్తిస్తుంది, తక్కువ స్థాయికి వచ్చినప్పుడు హైబర్నేట్ కావాలో షట్‌డౌన్ కావాలో అక్కడే నిర్ణయించవచ్చు. లినక్స్‌లో నట్, ఏపీసీయూపీఎస్‌డీ అనే ప్రోగ్రాములు ఉన్నాయి. ఒకే యూపీఎస్ మీద చాలా యంత్రాలుంటే, కేబుల్ కలిపిన యంత్రం నుంచి మిగతావాటికి నెట్‌వర్క్ ద్వారా కబురు పంపడం నట్‌కు తెలుసు. ఆ కబురు మోసే స్విచ్ కూడా యూపీఎస్ మీదే ఉండాలి. ఇది చాలాచోట్ల మరచిపోతారు.

కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి పట్టే కొన్ని మిల్లీసెకన్ల గురించి చాలామంది బెంగపడతారు. కంప్యూటర్ పవర్ సప్లైలోని కెపాసిటర్లు పూర్తి భారం మీద కూడా పది మిల్లీసెకన్లకు పైగా నిలపాలని ఏటీఎక్స్ ప్రమాణం కోరుతుంది. సాధారణ యూపీఎస్ అంతకన్నా ముందే మారుతుంది. అసలు బెంగ పడాల్సింది బ్యాటరీ వయసు గురించి. లెడ్ యాసిడ్ బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లలో బలహీనపడుతుంది, వేడిలో ఇంకా త్వరగా. అప్పుడప్పుడు గోడ స్విచ్ ఆపి, షట్‌డౌన్ దాకా మొత్తం సవ్యంగా జరుగుతుందో లేదో చూడండి.

పవర్ సప్లై కాలిపోతే, ఎవరి కాలో తగిలి వైరు ఊడితే, యూపీఎస్ చేయగలిగింది ఏమీ లేదు. అందుకే పై అంచెలన్నీ సరిగ్గా ఉండాలి.

## పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డుల సంగతి?

వాటిలో ఉండే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ రెంటికీ జర్నల్ లేదు. రాస్తుండగా తీయవద్దు, ఎప్పుడూ ఎజెక్ట్ నొక్కండి. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి బయటి డ్రైవులకు క్విక్ రిమూవల్ మామూలు అమరికగా ఉంది కాబట్టి ప్రమాదం తగ్గింది గానీ పోలేదు.

రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డులు వాడేవాళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే రూట్ ఫైల్‌సిస్టమ్‌ను రీడ్ ఓన్లీగా మార్చి, మార్పులు మెమరీలోకి వెళ్లేలా ఓవర్‌లే పెట్టుకోండి. రాయనిదాన్ని కరెంటు చెడపలేదు. దాచవలసిన సమాచారానికి విడిగా చిన్న విభాగం ఉంచుకుంటే చాలు.

## కంప్యూటర్ బిగుసుకుపోయింది. పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం తప్ప దారి లేదా?

లినక్స్‌లో అయితే ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ పట్టుకుని ఎస్, యూ, బీ అక్షరాలను కొంచెం ఆగి ఆగి నొక్కండి. మొదటిది మెమరీలో ఉన్నదాన్ని డిస్కుకు పంపుతుంది, రెండోది ఫైల్‌సిస్టమ్‌లను రీడ్ ఓన్లీ చేస్తుంది, మూడోది రీబూట్ చేస్తుంది. కొన్ని పంపిణీల్లో ఇది పరిమితంగానే అనుమతించి ఉంటుంది, ముందే చూసుకోండి.

## కరెంటు వచ్చింది, డిస్కు మౌంట్ కావడం లేదు. మొదట ఏం చేయాలి?

ఏమీ రాయకండి. దొరికిన మరమ్మతు ఆదేశాన్ని ఆత్రంగా కొట్టడం వల్ల, కరెంటు చేయని నష్టం మనమే చేస్తాం. సమాచారం విలువైనదైతే, అంతకన్నా పెద్దదైన మరో డిస్కుకు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో మొత్తం ప్రతి తీయండి. ప్రయోగాలన్నీ ఆ ప్రతి మీదే. రీడ్ ఓన్లీగా మౌంట్ చేస్తే ఏమీ రాయదనుకోవద్దు. ఈఎక్స్‌టీ4 ఆ పద్ధతిలో కూడా జర్నల్‌ను అమలు చేసి డిస్కు మీద రాస్తుంది. దాన్ని ఆపడానికి నోలోడ్, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో నోరికవరీ అనే ఆప్షన్లు ఉన్నాయి.

ఆ తర్వాత ఫైల్‌సిస్టమ్‌ను బట్టి దారి మారుతుంది. ఈఎక్స్‌టీ4 అయితే ఎఫ్‌ఎస్‌సీకేను ముందు ఎన్ ఆప్షన్‌తో నడిపి, ఏమి మార్చబోతుందో చదవండి. సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టమ్ మొత్తం వివరాలుండే బ్లాకు) చెడిందంటే భయపడవద్దు, దానికి అదనపు ప్రతులు ఉంటాయి. 4 కిలోబైట్ల బ్లాకులున్నచోట మొదటి ప్రతి సాధారణంగా 32768వ బ్లాకులో దొరుకుతుంది. మరమ్మతులో ఏ ఫోల్డరుకూ చెందకుండా మిగిలిన ఫైళ్లు లాస్ట్ ప్లస్ ఫౌండ్ ఫోల్డరులో నంబర్ల పేర్లతో చేరతాయి. మౌంట్ అయి ఉన్న ఫైల్‌సిస్టమ్ మీద మాత్రం మరమ్మతు ఎప్పుడూ నడపకండి.

ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను ముందు మామూలుగా మౌంట్ చేసి చూడండి, లాగ్ దానంతట అదే అమలవుతుంది. మరమ్మతు ప్రోగ్రాముకు ఎల్ ఆప్షన్ ఇస్తే లాగ్‌ను చెరిపేస్తుంది. అందులో ఉన్న మార్పులు పోతాయి కాబట్టి అది ఆఖరి అస్త్రం. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో చెక్ రిపేర్‌ను తెలిసినవాళ్లు చెబితే తప్ప వాడవద్దని దాన్ని రాసినవాళ్లే హెచ్చరిస్తారు. జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్ (అది వాడే డిస్కుల సమూహం) తెరుచుకోకపోతే, చివరి కొన్ని సెకన్లు వదులుకుని వెనక్కి వెళ్లే ఏర్పాటు ఇంపోర్ట్ ఆదేశంలోనే ఉంది. దానికి కూడా ముందు ఉత్తుత్తి పరీక్ష చేయవచ్చు.

విండోస్ తానే చెక్‌డిస్క్ మొదలుపెడితే సాధారణంగా అడ్డుకోనక్కరలేదు. కానీ డిస్కు నుంచి వింత శబ్దాలు వస్తున్నా, చదవడంలో లోపాలు వస్తున్నా అది భౌతిక నష్టం. అప్పుడు చెక్‌డిస్క్ చేటు చేస్తుంది, ముందు ప్రతి తీయాలి. లినక్స్, విండోస్ రెండూ ఉన్నవాళ్లు విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఉంటే షట్‌డౌన్ తర్వాత కూడా ఎన్‌టీఎఫ్‌ఎస్ సగం తెరిచి ఉన్న స్థితిలోనే ఉంటుంది, రెండో సిస్టమ్ నుంచి రాస్తే చెడుతుంది.

## ఇవన్నీ చేస్తే బ్యాకప్ అక్కర్లేదా?

కావాలి. కంప్యూటర్‌కు ఎప్పుడూ కలిపి ఉండని డిస్కులో ఒక ప్రతి, వేరే చోట మరొకటి. కరెంటుతో పాటు వచ్చే హెచ్చు వోల్టేజీ రెండు డిస్కులనూ ఒకేసారి కాల్చగలదు.

## నా ఏర్పాటు నిజంగా తట్టుకుంటుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ప్రోగ్రామును బలవంతంగా చంపి చూడటం దీనికి పరీక్ష కాదు. ప్రోగ్రాము చచ్చినా అది రాసినది కెర్నెల్ మెమరీలో భద్రంగా ఉండి డిస్కుకు వెళ్తుంది, ఫలితం ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. వర్చువల్ మెషీన్‌ను ఆపేస్తే లోపలి ఫైల్‌సిస్టమ్ ఎలా కోలుకుంటుందో తెలుస్తుంది గానీ, అసలు డిస్కు నిజం చెబుతోందో లేదో తెలియదు.

అది తేలాలంటే నిజంగా కరెంటు తీయాలి. విలువైన సమాచారం ఏదీ లేని డిస్కు మీద, వరస సంఖ్యలు వేసిన బ్లాకులను రాస్తూ, ప్రతిదాని తర్వాత ఎఫ్‌సింక్ పిలిచే చిన్న ప్రోగ్రాము నడపండి. ఎఫ్‌సింక్ విజయమని చెప్పిన ప్రతి సంఖ్యనూ నెట్‌వర్క్ మీదుగా రెండో కంప్యూటర్‌కు పంపి అక్కడ రాసుకోండి. మధ్యలో మొదటి కంప్యూటర్ వైరు లాగండి. తిరిగి వెలిగించాక రెండు జాబితాలూ పోల్చండి. రెండో కంప్యూటర్ దగ్గరున్న ఏ సంఖ్య డిస్కులో లేకపోయినా, ఆ డిస్కు గానీ మధ్యలో ఉన్న కార్డు గానీ యూఎస్‌బీ పెట్టె గానీ అబద్ధం చెబుతోందన్నమాట. ఒక్కసారి సరిపోదు, పదే పదే చేయండి, రాత ఉధృతంగా ఉన్నప్పుడు లాగండి. విఫలమైతే ఆ డిస్కు కాష్‌ను ఆపి మళ్లీ పరీక్షించండి. అప్పుడు కూడా సంఖ్యలు పోతుంటే ఆ డిస్కును ముఖ్యమైన పని నుంచి తప్పించండి.